వండర్ వుమన్: తొలి టెలివిజన్ రూపములు, ప్రేక్షకుల తీర్పు



మన యూళ్లలో పౌరాణిక నాటకములాడిన రాత్రులు మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. శ్రీకృష్ణ వేషధారి పద్యము నెంత శ్రావ్యముగ పాడినను, తలపై నెమలిపింఛము లేక రంగమునకు వచ్చెనా, ముందు వరుసలో కూర్చున్న ముదుసలి యొకడు ఊరకుండడు. కృష్ణుడేడీ యని అడుగక మానడు. అతడు నటుని నిందించుట లేదు. తా నెఱిగిన కృష్ణుని తనకు చూపుమనుచున్నాడు. వేషము నటునిది. పాత్ర మాత్రము ఊరందరిదియును.

ఇట్టి తగవే 1974వ సంవత్సరమున అమెరికా దేశములో నొక కథానాయికను గూర్చి పుట్టినది. ఆమె పేరు వండర్ వుమన్. అద్భుత వనిత యని మనము చెప్పుకొనవచ్చును. బొమ్మల కథల పుస్తకములలో పుట్టి ముప్పది రెండేండ్లు పెరిగిన యా పాత్రను ఒక టెలివిజన్ సంస్థ తొలిసారి మనుష్యుల చేత ఆడించి యింటింటికిని చూపగా, చూచినవారిలో పెక్కుమంది యీమె మా వండర్ వుమన్ కాదనిరి. మరుసటి సంవత్సరమే ఇంకొక నటీమణితో ఇంకొక రూపమును చూపగా, ఈమెయే యనిరి. బొమ్మల కథను గూర్చి చరిత్ర ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. పిల్లల కొఱకని వ్రాసిన కథలో పెద్దలు తమ కాలపు తగవులన్నియు తీర్చుకొనుట లోకమున తఱచుగ జరుగుచుండును. స్త్రీకి బలముండదగునా, ఉండిన నా బలమును ఎవరు మెత్తురు, ఎవరు తీసివేయుదురు అను ప్రశ్నలు ఈ కథలో దాగియున్నవి.

ముందుగా ఆమె యెవరో చెప్పవలెను. జైమిని భారతమును విన్నవారికి ప్రమీల కథ తెలియును. స్త్రీలే యేలు రాజ్యమునకు యాగాశ్వము పోగా, దానిని పట్టి కట్టివేసి అర్జునుని ఎదిరించిన రాణి యామె. గ్రీకు దేశపు పురాణములలోను ఇట్టి వీరనారులు కలరు. వారిని అమెజానులందురు. వారి రాణి హిపోలిటా నడికట్టును హెరాక్లీసను వీరుడు తెచ్చుట అతడు చేసిన పండ్రెండు సాహసములలో నొకటి. వండర్ వుమన్ ఆ హిపోలిటా కూతురని కల్పన. పేరు డయానా. పురుషుడు కాలుమోపని దీవిలో పెరిగినది. స్టీవ్ ట్రెవర్ అను అమెరికా సైనికుని విమానము ఆ దీవిపై కూలగా, అతనిని బ్రదికించి, అతని దేశమునకు చేర్చి, అక్కడ డయానా ప్రిన్స్ అను సామాన్యురాలివలె మెలగుచు, అవసరము వచ్చినప్పుడు వీరవేషము ధరించును. చేతి కంకణములతో తుపాకి గుండ్లను అడ్డగించును. ఆమె బంగారు పాశమున చిక్కినవాడు బొంకజాలడు.

బొంకజాలని పాశము కల్పించినవాడు సామాన్యుడు కాడు. విలియం మోల్టన్ మార్స్టన్ (1893-1947) హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును, మనశ్శాస్త్రమును చదివి 1921లో డాక్టరు పట్టమును పొందినవాడు. మనిషి అబద్ధమాడునప్పుడు రక్తపు పోటు పెరుగునని పరీక్షించి చూపినవాడు. నేడు పోలీసువారు వాడు అసత్య పరీక్షా యంత్రమునకు అతని పరిశోధనయు ఒక మూలమే. 1940వ సంవత్సరమున ఒక పత్రికలో బొమ్మల కథలను మెచ్చుకొని అతడు చెప్పిన మాటలను చూచి, మాక్స్ గెయిన్స్ అను ప్రచురణకర్త అతనిని సలహాదారుగా నియమించెను. ఈ పుస్తకములలో వీరులందరు మగవారే యేల యని తలచి, స్త్రీకి పురుషుని బలమును, స్త్రీ సహజమైన ప్రేమయు కలుపుదమని మార్స్టన్ ఈ పాత్రను సృష్టించెను. హెచ్. జి. పీటరను వృద్ధ చిత్రకారుడు బొమ్మలు గీచెను. 1941 చివరను ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో ఆమె మొదట కనబడినది. మార్స్టను ఇంట భార్య ఎలిజబెత్ గాక ఆలివ్ బర్న్ అను విదుషి కూడ నుండెడిది. ఆమె ధరించు వెడల్పాటి కంకణములే డయానా చేతికి వచ్చెనందురు. ఆ ఇంటి వ్యవస్థ మన ప్రసంగమునకు అవసరము లేదు గాన విడుచుచున్నాను.

చదువరుల యభిప్రాయమును ఈమె విషయమున తొలినుండియు అడుగుచునే యుండిరి. 1942లో ప్రచురణకర్త ఒక ప్రశ్నపత్రమును అచ్చువేసెను. మగ వీరులందరు కూడిన జస్టిస్ సొసైటీ యను సంఘము ఆ కథలలో నొకటి యుండెను. వండర్ వుమన్ ఆడుది యైనను ఆమెను ఆ సంఘమున చేర్చుకొనవచ్చునా యని పిల్లల నడిగిరి. మొదట తిరిగి వచ్చిన 1,801 పత్రములలో 1,265 మంది బాలురును, 333 మంది బాలికలును చేర్చుకొనవచ్చుననిరి. వలదనిన బాలురు 197 మంది, బాలికలు 6గురు. బాలురలోనే ఇంత పెద్ద సంఖ్య ఔననుట గమనింపదగినది. పిల్లలు ఇట్లు తీర్పు చెప్పినను పెద్దలేమి చేసిరో వినుడు. ఆమెను సంఘమున చేర్చుకొనిరి గాని, కార్యదర్శి పని యిచ్చిరి. పురుషులు యుద్ధమునకు పోవుదురు, ఆమె యింట నుండి సమావేశముల లెక్క వ్రాయును! ఓటు గెలిచిన తరువాత కూడ చేతికి కలమే యిచ్చిరని నేను నవ్వుకొనుట కలదు. ఈ సంగతిని మఱవకుడు. ముందు దీనితో పని కలదు.

వ్యతిరేకులు లేకపోలేదు. అదే 1942లో, యువజనులు చదువదగని పుస్తకముల పట్టికను ప్రకటించు ఒక కాథలిక్ సంఘము ఈమె పుస్తకమును అందు చేర్చెను. కారణము, ఆమెకు చాలినంత బట్ట లేదని. మరుసటి యేడు శిశు విద్యా నిపుణురాలు జోసెట్ ఫ్రాంక్, ఈ కథలలో స్త్రీలను గొలుసులతో కట్టు బొమ్మలు మితిమీరినవని ప్రచురణకర్తకు వ్రాసెను. ఆమె మాటలో న్యాయము కలదు. మార్స్టను ఆ బొమ్మలకు చెప్పిన సమాధానములు ఎంత పాండిత్యముతో నిండినను, నాకు తృప్తికరముగా లేవు.

1947లో మార్స్టను మరణించెను. తరువాత వ్రాసినవారు ఆమెను పెండ్లి తలపులతో నింపిరి. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థాం అను వైద్యుడు బొమ్మల కథలన్నియు పిల్లలను చెఱచుచున్నవని గ్రంథము వ్రాయగా ప్రచురణకర్తలు తమకు తామే కట్టుబాట్లు విధించుకొనిరి. అమ్మకములు తగ్గెను. తుదకు 1968లో రచయితలు ఆమె శక్తులన్నిటిని తీసివేసిరి. నక్షత్రముల వస్త్రము పోయెను. తెల్లని దుస్తులు వచ్చెను. పాశము లేదు, కంకణములు లేవు. ఒక అంధ గురువు వద్ద ముష్టియుద్ధము నేర్చుకొని, బట్టల దుకాణము పెట్టుకొని, గూఢచారులతో పోరాడు సామాన్య స్త్రీగా మార్చిరి. స్త్రీ తన సొంత ప్రయత్నమున నిలుచుట గొప్ప గదా యని వారి వాదము. కాని స్త్రీల హక్కులకై పోరాడుచున్నవారు ఆ మాటను ఒప్పుకొనలేదు. మగ వీరులకు ఎగురుట, పర్వతముల నెత్తుట విడువకుండ, ఆడుదానికి మాత్రము శక్తిని తీసివేసి అది గౌరవమనుట ఏమి న్యాయము? గ్లోరియా స్టైనమ్ మొదలగు స్త్రీలు 1972 జూలైలో మిజ్ అను పత్రికను క్రమముగా వెలువరింప మొదలిడి, తొలి సంచిక ముఖపత్రముపై వండర్ వుమన్ బొమ్మను ఆమె పాత వేషముతోనే వేసిరి. 1973 తొలి సంచికలో ప్రచురణకర్తలు శక్తులను తిరిగి యిచ్చిరి. చదువరులు గెలిచిరి.

ఇప్పుడు టెలివిజనుకు వత్తము. 1967లో బాట్‌మన్ కథను నడిపి పేరుపొందిన విలియం డోజియర్ ఈమెపై సుమారు అయిదు నిమిషముల చిన్న పరీక్షా చిత్రమును తీయించెను. అందు డయానా తల్లితో నివసించు సామాన్య రూపము గల పిల్ల. తల్లి, పెండ్లి యెప్పుడు చేసుకొందువే యని విసిగించుచుండును. వీరవేషము వేసికొని అద్దములో చూచుకొనిన డయానాకు మహాసుందరి కనబడును. ఆ ప్రతిబింబమును వేఱొక నటి ధరించినది. ఆడుదాని శౌర్యమును హాస్యముగా మార్చిన యీ ముక్క నాడు ప్రసారము కాలేదు. 1973లో పిల్లల కార్టూన్ల వరుసలో ఆమె ఇతర వీరులతో కలిసి కనబడినది. అంతే.

1974 మార్చి 12వ తేదీ రాత్రి ఏబీసీ అను సంస్థ వండర్ వుమన్ అను చిత్రమును ప్రసారము చేసెను. రచన జాన్ డి. ఎఫ్. బ్లాక్, దర్శకుడు విన్సెంట్ మెక్‌ఈవీటీ. నాయిక కాథీ లీ క్రాస్బీ, టెన్నిసు ఆటలో పేరుపొందిన యువతి. రికార్డో మొంటల్బాన్ ప్రతినాయకుడు. గూఢచారుల పేర్లు గల రహస్య పుస్తకములను అపహరించి ధనమడుగు దుష్టుని పట్టుకొనుట కథ. ఈ డయానా జుట్టు బంగారు వన్నె, బొమ్మలలో నల్లనిది. ఎఱ్ఱని చొక్కాయి, నీలపు క్రింది దుస్తు, చేతులపై నక్షత్రములు; వ్యాయామమునకు పోవు క్రీడాకారిణి వలె నుండును. ఎగురదు, ఇనుప కడ్డీలను వంచదు. కొండలెక్కును, తెలివిగా తప్పించుకొనును. ఆమె జీవనవృత్తి యేమనగా, స్టీవ్ ట్రెవర్ కార్యాలయమున కార్యదర్శి! 1942లో ఇచ్చిన కలము 1974లోను ఆమె చేతిలోనే యున్నది.

ప్రేక్షకుల ఫిర్యాదులు మూడు. ఆమె రూపము మాకు తెలిసినది కాదు. వేషము మాకు తెలిసినది కాదు. శక్తి లేదు. వీనిలో మొదటి రెంటిని పట్టుదల యని త్రోసివేయవచ్చును. మూడవది మాత్రము కథ మూలమునకే తగిలినది. ఈ చిత్రమును తీసినవారు చేసిన పొరపాటు ఇచ్చటనే కలదని నా అభిప్రాయము. వారు బొమ్మల కథను చదువలేదనుట సరికాదు. చదివిరి, అయితే 1968 నుండి 1972 వరకు నడచిన కథను, తెల్లని బట్టల గూఢచారిణిని, చదివి దానినే తెఱపై పెట్టిరి. చదువరులు వలదని పంపివేసిన రూపము అది. చిత్రము వెలువడు నాటికి పుస్తకములలో శక్తులు తిరిగి వచ్చి ఏడాది దాటినది. ఊరివారు వలదన్న వేషమును తెచ్చి అదే ఊరిలో ప్రదర్శించినట్లయినది.

నాడు ఎందఱు చూచిరను లెక్క నీల్సన్ సంస్థ చెప్పెడిది. ఆ దేశమున టెలివిజన్ గల యిండ్లు 6 కోట్లకు పైబడి యుండగా, సుమారు 1,200 యిండ్లలో యంత్రములు అమర్చి, వారేమి చూచిరో లెక్కించి, దేశమంతయు అట్లే చూచినదని గణించెడివారు. అన్నమంతయు పట్టిచూడ నక్కర లేదు, మెతుకు చాలునను మన సామెత వారికిని తెలిసినట్లున్నది. కాని మెతుకు ఉడికినదో లేదో చెప్పును గాని, ఎవరికి రుచించినదో, ఏల రుచింపలేదో చెప్పదు. ఆ లెక్కలో చిత్రము మధ్యమముగా నిలిచెను. సంస్థవారు దీనిని ధారావాహికగా సాగింపలేదు.

క్రాస్బీ పక్షమున చెప్పువారు నేటికిని కలరు. ఆమె నటనలో హుందాతనమున్నది, పరుగులోను దూకుటలోను నిజమైన క్రీడాకారిణి బలమున్నది, ఆమెను ఎవరును బొమ్మగా చూపలేదు, దుస్తులు శరీరమును కప్పియున్నవి అని వారందురు. ఈ మాటలన్నియు నిజమే. ఇది వేఱొక పేరుతో వచ్చియుండినచో మంచి గూఢచారిణి కథ యని మెచ్చుకొనియుందురు. నిందను నటికి అంటగట్టుట నాకు సమ్మతము కాదు. ఇచ్చిన వేషము ఆమె ధరించినది. వ్రాసిన కథ ఆమె ఆడినది. తరువాత 1980 నుండి అదే సంస్థలో వింతలను చూపు కార్యక్రమమును నడిపి ఆమె దేశమున ప్రసిద్ధురాలయ్యెను.

సంస్థవారు పాత్రను మాత్రము విడువలేదు. 1967 పరీక్షా చిత్రమున చేయి గల స్టాన్లీ రాల్ఫ్ రాస్ అను రచయితనే పిలిచి, ఈసారి మార్స్టను కథను మార్స్టను కథగా వ్రాయుమనిరి. 1975 నవంబరు 7న క్రొత్త చిత్రము వచ్చెను. దానికి వారు పెట్టిన పేరు వినుడు: ది న్యూ ఒరిజినల్ వండర్ వుమన్. క్రొత్తదియు, అసలైనదియు నని యర్థము. ఒక పేరులోనే క్షమాపణయు, వాగ్దానమును ఇమిడియున్నవి. కథ 1942వ సంవత్సరమునకు, యుద్ధకాలమునకు తిరిగిపోయినది. పేర్లు పడునప్పుడు బొమ్మల పుస్తకపు పుటలే కదలినట్లు చూపిరి. నాయిక లిండా కార్టర్, 1972లో అమెరికా పక్షమున ప్రపంచ సుందరి పోటీకి ఎన్నికైన యువతి. నల్లని జుట్టు, నీలి కన్నులు, బంగారు కిరీటము. పుస్తకమునుండి లేచి వచ్చినట్లున్నదనిరి.

పోలికయే యామెను నిలిపినదనుట సగము నిజము. కార్టర్ ఆ పాత్రను హాస్యమాడలేదు. చుట్టునున్న కథ ఎంత విపరీతమైనను, ఆమె మాత్రము ప్రతిమాటను నమ్మి పలికినది. దుష్టుని కూడ మార్చవచ్చునను దయ ఆమె ముఖమున నుండెను. మార్స్టను కోరినది అదియే. డయానా ప్రిన్స్ వీరనారిగా ఎట్లు మారునను చిక్కు వచ్చినప్పుడు, గిఱ్ఱున తిరిగి మారుట బాగుండునని కార్టరే సూచించెను. కాంతియు ధ్వనియు చేర్చి దానిని చూపిరి. ఆ నాటి అమెరికా బాలికలు ఇంటి ముందఱ చేతులు చాచి గిఱగిఱ తిరిగి పడుచుండెడివారు. నీల్సన్ లెక్కకు అందని తీర్పు అది.

ఇచ్చట ఒక చిన్న మాట. ఆ 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున మన దేశమున 6 రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు చేసిరి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. తెలుగు కార్యక్రమములును ఉండెను. మీలో కొందఱు ఆ పెట్టె చుట్టు కూర్చుండి వ్యవసాయము, ఆరోగ్యము గూర్చిన బొమ్మలను చూచియుందురు. అమెరికాలో ఇంటింట వీరనారిని చూచుచుండిన నెలలలోనే మన పల్లెలలో ఊరికొక పెట్టె వెలిగినదని చెప్పుట నా యుద్దేశము.

కార్టర్ రూపమును మెచ్చినవారందఱు ఒకే కారణమున మెచ్చలేదు. ఆ వేషము కురుచది. స్త్రీ శౌర్యమును చూపుచున్నారా, స్త్రీ శరీరమును చూపుచున్నారా యని అడిగినవారు పెక్కుమంది. ఈ ప్రశ్న 1942 నాటి బట్ట చాలలేదను మాటకు మనుమరాలు. కాని నాటి స్త్రీల స్థితిని కూడ తలచుకొనవలెను. క్రాస్బీ చిత్రము వచ్చిన 1974 మార్చి నాటికి అమెరికాలో బ్యాంకువారు స్త్రీకి అప్పియ్యవలెనన్న భర్త సంతకమును అడుగుట వాడుకగ నుండెను. అట్టి భేదమును నిషేధించు శాసనము ఆ యేడు అక్టోబరులో వచ్చెను. 1972లో కాంగ్రెసు ఆమోదించిన స్త్రీ పురుష సమానత్వ సవరణకు కావలసిన 38 రాష్ట్రముల సమ్మతి గడువులోపల దొరకనే లేదు. తన పేర అప్పు పుట్టని స్త్రీ, రాత్రి ఇంట కూర్చుండి, ఒక స్త్రీ మోటారు బండిని చేతితో ఆపుట చూచెనన్నచో ఆమెకు కలిగిన సంతోషమును బట్ట కొలతతో కొలువరాదు.

రెండవ తగవు 1977లో వచ్చినది. యుద్ధకాలపు దుస్తులు, బండ్లు చూపుటకు వ్యయమెక్కువ. ఏబీసీ వారు సందేహింపగా సీబీఎస్ సంస్థ కథను వర్తమాన కాలమునకు తెచ్చి సాగించెను. అమెజానులకు ముసలితనము లేదు గావున డయానా అట్లే యుండెను. స్టీవ్ ట్రెవర్ స్థానమున అతని కొడుకును నిలిపి అదే నటుడు లైల్ వాగనర్ చేత ఆడించిరి. యుద్ధకాలపు కథలలో పోరాటమునకు ఒక పెద్ద కారణముండెను, ఇప్పుడు చిల్లర దొంగలు మిగిలిరి అని మొదటి వరుసను ప్రేమించినవారు విచారించిరి. నాకును అట్లే తోచును. కాని ఒక లాభము ఒప్పుకొనవలెను: క్రొత్త కథలో డయానా ప్రిన్స్ స్వయముగా పరిశోధనాధికారిణి, కలము పట్టి ఎవరి మాటలో వ్రాయునది కాదు. తొలి చిత్రము గాక 59 భాగములు నడచి 1979 సెప్టెంబరున ధారావాహిక ముగిసెను.

తగవు మాత్రము ముగియలేదు. 2016 అక్టోబరు 21న ఐక్యరాజ్య సమితి వండర్ వుమన్‌ను స్త్రీల బాలికల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించెను. లిండా కార్టర్ ఆ సభకు వచ్చెను. అదే సభలో సమితి యుద్యోగులు కొందఱు నిరసనగా వెన్ను చూపి నిలిచిరి. బొమ్మ కాక జీవించియున్న స్త్రీ దొరకలేదా, ఈ వేషమేమి యని వేలకొలది సంతకములతో విన్నపము పోయెను. రెండు నెలలలోపల ఆ గౌరవము ముగిసెను. మఱునటి యేడు పాటీ జెన్‌కిన్స్ అను స్త్రీ దర్శకత్వమున పెద్ద తెఱపై ఆమె కథ వచ్చి దేశదేశముల జనమును ఆకర్షించెను. ఆ చిత్రమునందు కూడ కథను వెనుకటి యుద్ధమునకు, ఈసారి మొదటి ప్రపంచ యుద్ధమునకే, తీసికొనిపోయిరి. 2020 డిసెంబరున దాని రెండవ భాగము వెలువడినప్పుడు చివరను కొన్ని క్షణములు లిండా కార్టర్ కనబడెను. అంటువ్యాధి కారణమున నాటకశాలలు పెక్కు మూతవడియుండుటచే, అమెరికాలో అనేకులు ఆ చిత్రమును ఇంట కూర్చుండి టెలివిజన్ తెఱపైననే చూచిరి.